ఎనభై ఎనిమిదికి ఆఖరి చీల

"మీ మేస్త్రీ పొయినాడక్కా" అంది ఫోనులో.

రాజంపేట పక్క పల్లె నుంచి చేసింది. గొంతు గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. నన్ను అక్కా అని పిలిచే ధైర్యం చేసినవాళ్ళు లోకంలో ముగ్గురే ఉన్నారు, ఆవిడ మూడోది. "పొద్దున టీ తాగి గ్లాసు బోర్లించినాడు. గ్లాసు తీసకపోదామని నేను వస్తే, గోడకు ఆనుకోని అట్లనే ఉండాడు. అంతేనక్కా."

ఆవిడ తొణక్కుండా చెప్పింది. ఏడ్చింది నేను. మా ఆయన పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. మా ఇంట్లో ఏడిపించే పని నాదిగాని ఏడ్చే పని కాదు, అందుకని కంగారుపడ్డాడు. "ఎవరే?" అన్నాడు. "ఎనభై ఎనిమిది మేస్త్రీ" అన్నాను. ఆయన మళ్ళీ కూర్చుని, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

పేరు రాయను. దాచాలని కాదు. దోహాలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఆయనకొక నంబరు. ఆయన చెక్కపనికి వెళ్ళిన విల్లాలో ‘నజ్జార్’, అంటే అరబ్బీలో వడ్రంగి. నేను మేస్త్రీ అన్నాను. ఆ మూడింటిలో ఆయన తల తిప్పి పలికింది నా పిలుపుకే అని నేను గొప్పగా చెప్పుకుంటూ ఉంటాను. అసలు తల తిప్పి చూడాలని ఆయనకు ఉన్నది ఇంకోవైపని నాకు ఎనిమిది నెలల తర్వాతగాని తెలియలేదు.

తొంభైల మధ్యలో సంగతి. కువైట్ యుద్ధం ముగిసి మూడు నాలుగేళ్ళయింది. మేం ఉమ్ ఘువైలినాలో ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. నేను గుంటూరులో ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, ఆ చదువును ఏ పొయ్యిలో పెట్టాలో తెలియక, వారానికి నాలుగు సాయంత్రాలు అల్ ఘర్రాఫాలో ఒక పెద్దాయన విల్లాకు వెళ్ళి ఆయన మనవరాళ్ళకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇంట్లో అందరూ ఆయన్ని బాబా అనేవారు. నేనూ అదే అన్నాను.

బాబా వయసులో ఉన్నప్పుడు చమురు క్యాంపులో ఒక ఇంగ్లీషు ఇంజినీరు దగ్గర పనిచేశాడట. ఆ ఇంజినీరు తల్లీ చెల్లెలూ రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద పడ్డ బాంబులకు పోయారు. ఎన్నో ఏళ్ళ తర్వాత దోహా వదిలి వెళ్ళిపోతూ ఆయన బాబాకు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చాడు. అది ఆ బాంబులు వేసిన జర్మన్ విమానాల్లో ఒకదాని కథ. పుట్టుక నుంచి చావు దాకా, బొమ్మలతో, కొలతలతో. జూ-88 అని దాని పేరు. ఆ ఇంట్లో అది ‘ఎనభై ఎనిమిది’ అయిపోయింది.

"సొంతవాళ్ళని చంపినదాని బొమ్మలు ఇన్నేళ్ళు దగ్గర పెట్టుకున్నాడా?" అని నేను బాబా మీదికి వెళ్ళాను.

"నువ్వయితే దాని ముఖం ఎలా ఉంటుందో చూడాలనుకోవా, టీచర్?" అన్నాడు బాబా. నేను మాట మార్చాను.

బాబాకు ఆ విమానాన్ని టేకుతో, పదోవంతు కొలతకు చేయించుకోవాలని కోరిక. అంటే రెక్క కొస నుంచి రెక్క కొసకు మనిషి పొడుగు దాటుతుంది. తన కంపెనీ ఫోర్‌మన్‌కి చెప్పాడు. ఫోర్‌మన్ క్యాంపులో మనుషుల్ని నిలబెట్టి, "బాబా విల్లాలో చెక్కపని, ఎవరికొచ్చు?" అన్నాడు. ఏం పనో చెప్పకముందే మేస్త్రీ చెయ్యి లేపాడు. పడవ అన్నా లేపేవాడే, పాడె అన్నా లేపేవాడే. కారణం ఏమిటంటే, ఆయన భార్య ఏడాదిన్నర ముందు నుంచీ అదే విల్లాలో పనిమనిషి.

ఆవిడకు పెళ్ళి కాలేదని ఏజెంటు కాగితాల మీద రాయించాడు. పెళ్ళయినవాళ్ళయితే మొగుడికోసం బెంగపడి మధ్యలో వెళ్ళిపోతారని ఆ ఇంటివాళ్ళు వద్దనేవాళ్ళట. ఆవిడ అలా వచ్చాక, మేస్త్రీ అదే ఏజెంటు వెంటపడి అదే బాబా కంపెనీకి వీసా సంపాదించుకుని వచ్చాడు. ఒకే ఊళ్ళో ఉంటే చూసుకోవచ్చుననుకున్నాడు, పిచ్చి మనిషి. క్యాంపు బస్సు సైటుకు పోతుంది, సైటు నుంచి క్యాంపుకు వస్తుంది. ఆవిడకు గేటు దాటే పని లేదు. ఏడు నెలలు ఆవిడ నీడ కూడా చూడలేదు. "రాజంపేటలో ఉన్నా ఇంతే దూరం గదా మేడం" అని తర్వాతెప్పుడో నాతో అన్నాడు.

ఆ ఇంటి నియమం ప్రకారం బయట నుంచి వచ్చే మగ పనివాళ్ళు వంటింటి వైపు వెళ్ళకూడదు, పనమ్మాయిలు వాళ్ళతో మాట్లాడకూడదు. కాగితాల అబద్ధం బయటపడితే ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. కాబట్టి ఎనభై ఎనిమిది పని సాగినన్ని రోజులే మేస్త్రీ ఆ గరాజుకు రావచ్చు. పని ముగిసిన మర్నాడు మళ్ళీ క్యాంపూ, సైటూ, కాంక్రీటు చుట్టూ చెక్క బిగించే పనీ. ఈ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. నాకు తెలియకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటిసారి చూసినప్పుడు ఆయన గరాజు నేల మీద కూర్చుని టేకు పలకను వాసన చూస్తున్నాడు.

"ఏం మేస్త్రీ, తింటావా ఏంటి?"

ఆయన నవ్వలేదు. "తడి ఉండాదేమోనని మేడం. ఇప్పుడు తెలీదు. రెక్క చేసినాక మెలి తిరుగుతాది, అప్పుడు ఏడ్చాల."

చెవి మీద పెన్సిలు. కుడి చేతి ఉంగరం వేలు సగమే. పలక నున్నబడిందో లేదో చూడాలంటే కళ్ళు మూసుకుని ఆ సగం వేలితో నిమిరేవాడు. మిగతా తొమ్మిదీ అబద్ధం చెప్తాయట, ఇది చెప్పదట. ఏదైనా బాగా కుదిరితే పొంగిపోయేవాడు కాదు. నాలుగడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని, "చూస్తాం" అనేవాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట నేను వినలేదు.

రోజూ అయిదింటికి వంటింటి వైపున్న కిటికీ గట్టు మీదికి ఒక చెయ్యి వచ్చి టీ గ్లాసు పెట్టి వెళ్ళేది. మేస్త్రీ ఆ వైపు చూసేవాడు కాదు. చేతిలో పని ముగించి, వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడి తాగి, గ్లాసును గట్టు మీద బోర్లించేవాడు. "అబ్బో, ఈగలు పడతాయనా?" అని నేను వెక్కిరించేదాన్ని. "ఊఁ" అనేవాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు, అయిదో తరగతి తెలుగు వచ్చు. పుస్తకంలో ఏముందో ఆయనకు చెప్పమని బాబా నాకు పురమాయించాడు. నోటితో చెప్తే చాలదన్నాడు మేస్త్రీ, రాసిమ్మన్నాడు. మనవరాళ్ళ నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద తెలుగులో రాసిచ్చాను. రాసేటప్పుడు ఆ విమానం కథ నన్నూ పట్టుకుంది.

మొదట వాళ్ళు అడిగింది ఒక్కటే, వేగం. వెంటపడే ఫైటర్లకు అందనంత వేగంగా పోయే బాంబరు కావాలన్నారు. తుపాకులు తక్కువ, బరువు తక్కువ, ముక్కు నున్నన. మొదటిది ఎగిరినప్పుడు ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఆ తర్వాత పైవాళ్ళు తలకొక మాట అనడం మొదలుపెట్టారు. గద్దలా నిటారుగా కిందికి దూకి బాంబు వెయ్యాలన్నారు. దూకి మళ్ళీ లేవాలంటే ఎముకలు గట్టిపడాలి, రెక్కల కింద గాలికి అడ్డుపడే పలకలు పెట్టాలి. బరువు పెరిగింది. ముక్కుకు ఈగ కంటిలా గళ్ళు గళ్ళుగా అద్దాలు పెట్టారు. పొట్ట కింద తుపాకీవాడికి ఒక తొట్టి తగిలించారు. కాళ్ళు మార్చారు, రెక్కలు పెంచారు. వేలకొద్దీ మార్పులు. పని ఏళ్ళు సాగింది, అన్నిటికంటే ముందు అడిగిన వేగం చివరికి తగ్గిపోయింది.

మేస్త్రీ ఇదంతా చదివి, "ఇల్లు కడతాంటే చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి సలహా చెప్పినట్ల ఉండాది" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అన్నీ చేయాల మేడం. వరసగా. అది ఎట్ల పెరిగిందో అట్లనే" అన్నాడు.

అలాగే చేశాడు. ముందు నున్నటి ముక్కుతో చేశాడు. బాబా సాయంత్రం నమాజు ముగించుకుని గరాజు దగ్గరికి వచ్చి "ఖలాస్?" అనేవాడు, అయిపోయిందా అని. "మాఫీ ఖలాస్, బాబా" అని, ఇంకా కాలేదంటూ, మేస్త్రీ పుస్తకంలో తర్వాతి ఫొటో చూపించేవాడు, గళ్ళ ముక్కు. బాబా మురిసిపోయేవాడు. ముక్కు తీసి కొత్త ముక్కు. ఆ తర్వాత కాళ్ళు. మొదట్లో దాని చక్రానికి రెండు కర్రల కాలు. తర్వాత ఒకే కాలు, పైకి ముడుచుకుంటూ చక్రాన్ని పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. ఇంజను వెనకున్న గూట్లో చోటు చాలక ఆ ఏర్పాటు. పుస్తకంలో దీనికి ఒక వాక్యం, ఒక మసక ఫొటో ఉన్నాయి, అంతే. మేస్త్రీ మూడు వారాలు టేకు, ఇత్తడి ముక్కలు పెట్టుకుని కుస్తీ పట్టాడు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, వేలితో కాలును మెల్లిగా పైకి తోశాడు. పోతూ పోతూ చక్రం దానంతట అదే తిరిగి, నిద్రపోయే పిల్ల పక్క మీద ఒత్తిగిల్లినట్టు, గూట్లో పడుకుంది.

ఇంజినీర్లు కాగితాల మీద గీసి, మిషన్ల మీద చేసినదాన్ని ఈయన ఒక ఉలితో, ఒక సగం వేలితో మళ్ళీ కనిపెట్టాడు. నేను వాచీ చూసుకోవడం మరిచిపోయాను. పదిసార్లు దించమన్నాను, పదిసార్లు ఎత్తమన్నాను.

"చూస్తాం" అన్నాడు ఆయన.

ఇంకోసారి పొట్ట కింది తొట్టి దగ్గర గొడవ. దాన్ని నడిమధ్యన కాకుండా కుడి వైపు జరిపి గీశాడు. "విమానం అన్నాక రెండు వైపులా సమానంగా ఉంటుంది మేస్త్రీ, ఫొటో పక్క నుంచి తీశారు కాబట్టి అలా కనిపిస్తోంది" అన్నాను. కాదన్నాడు. నేను ఎం.ఏ. అని గుర్తుచేశాను. ఆయన మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి నీడలు చూపించాడు. అయినా ఒప్పుకోక పందెం కాశాను. ఇంటికి వెళ్ళి మా ఆయనకు కొలతల బొమ్మ చూపించాను. "కుడి పక్కకే ఉందే" అన్నాడు మా ఆయన, నవ్వు దాచుకోవడానికి ఏ ప్రయత్నమూ చెయ్యకుండా. మర్నాడు గరాజుకు వెళ్ళి ఓడిపోయానని చెప్పాను. మేస్త్రీ మర్యాదగా, "ఫొటో కూడా తప్పే మేడం, సక్కంగా తీయలా" అన్నాడు.

తర్వాత రెక్కలు. యుద్ధం మధ్యలో దాని రెక్కలు పొడుగు చేశారని నేనే రాసిచ్చాను. మేస్త్రీ చేసి ఉంచిన రెండు రెక్కలూ తీసి పక్కన పెట్టి, కొత్త పలకను వాసన చూడటం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బొమ్మకు ఇంత అవసరమా? అది మనుషుల్ని చంపిన వస్తువు. ఇంగ్లండు ఊళ్ళ మీద, రష్యా ఊళ్ళ మీద, సముద్రంలో ఓడల మీద, దేన్నీ వదల్లేదు. దానికి నువ్వు ఇన్ని సోకులు చేస్తున్నావు!"

"ఎవురు చేసినారు మేడం దీన్ని?"

"కంపెనీవాళ్ళు."

"కంపెనీ చేత్తో చేయదు గదా. ఎవురు?"

చదివి చెప్పాను. మొదట్లో జీతాల మీద పనివాళ్ళు. యుద్ధం ముదిరాక వేరే దేశాల నుంచి పట్టుకొచ్చిన మనుషులు, ఖైదీలు. క్యాంపుల్లో పెట్టి చేయించారు.

"క్యాంపుల్లోనా?"

"ఆ క్యాంపు వేరు, మీ క్యాంపు వేరు" అని కసిరాను.

"తెలుసు మేడం. మాకు అన్నం పెడ్తాండారు" అన్నాడు. మళ్ళీ పలక మీదికి వంగాడు. కాని వారం తర్వాత బాబా బాంబులు ఏవని అడిగితే, మేస్త్రీ రెక్కల కింద ఖాళీ కొక్కేలు చూపించి, నా వైపు తిరిగి, "ఇది ఇంటికి తిరిగొచ్చే విమానమని చెప్పండి మేడం. ఖాళీగానే వస్తాది" అన్నాడు. నేను చెప్పాను. బాబా పగలబడి నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడే ఆ విమానం నడిపే నలుగురినీ చెక్కాడు. అంత పొడుగు విమానంలో నలుగురు మనుషులూ ముక్కులోనే, మోకాళ్ళు ఒకరికొకరు తగిలేంత ఇరుకులో కూర్చుంటారు. పక్కన మనిషి ఒళ్ళు తగులుతుంటే భయం తగ్గుతుందని అలా కూర్చోబెట్టారట. "మా రూములో కూడా ఇట్లనే" అన్నాడు మేస్త్రీ. చూపుడువేలంత మనుషులు. ఒకడు ముందుకు వంగి కిందికి చూస్తాడు, ఒకడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. భూతద్దం పెట్టి చూస్తే ఒకడికి బుర్రమీసాలు, ఇంకొకడికి బట్టతల.

"జర్మనీ కుర్రాళ్ళకు ఈ మీసాలేంటి మేస్త్రీ?"

"ఎవుర్నో ఒకర్ని చూసి చేయాల గదా మేడం. నాకు జర్మనీవాళ్ళు ఎవురూ తెలీదు." మీసాలది జగిత్యాల మనిషట, పై మంచం. బట్టతల నేపాలీ, కింది మంచం. మిగతా ఇద్దరూ ఎదుటి మంచాలవాళ్ళు.

చివరికి నాకు తెలిసి ఒక్క చీల మిగిలింది. చీల అంటే చెక్కమేకు. ముక్కును ఒంటికి బిగించే చీలల్లో ఒకదాన్ని ఆయన కొట్టకుండా వదిలేశాడు. వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి, తలుపు బిగించినా పెట్టె చేసినా ఆఖరి చీల ఇంటివాళ్ళ చేత కొట్టించాలి. అది దిగితేనే పని అయినట్టు. నేను ఎప్పుడు వెళ్ళినా ఆయన ఏదో ఒకచోట సగం వేలితో నిమురుతూ, "ఇంకా ఒగటి ఉండాది మేడం" అనేవాడు.

ఒక సాయంత్రం బాబా నన్ను కూర్చోబెట్టి అరబ్బీ కాఫీ కహ్వా పోయించి, "టీచర్, నువ్వు మొహమాటం లేని మనిషివి. నిజం చెప్పు, ఇంకా ఏమన్నా మిగిలిందా?" అన్నాడు.

మొహమాటం లేని మనిషి అంటే నాకెంత ఇష్టమో! "ఏమీ లేదు బాబా. బంగారంలా ఉంది. ఆ చీల కొట్టించెయ్యండి. మిగిలింది ఆయన చాదస్తం" అన్నాను. మంచి పని చేశాననుకుని ఇంటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత వెళ్తే గరాజుకు తాళం. పక్కకు వెళ్ళి చూస్తే కిటికీ గట్టు మీద టీ గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. నేను చూస్తూ నిలబడితే వంటింటి తలుపు తెరుచుకుని ఆ చెయ్యిగల మనిషి బయటికొచ్చింది. ఆ ఇంట్లో మిగతా ఇద్దరు పనమ్మాయిలు శ్రీలంకవాళ్ళు. ఈవిడా అంతే అనుకున్నాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

"విమానం అయిపోయిందని చెప్పింది మీరేనంట గదక్కా?" అంది, కడప జిల్లా తెలుగులో.

ఆ గట్టు దగ్గర నిలబడి, వెనక్కి చూసుకుంటూ, నాలుగు మాటల్లో అంతా చెప్పింది. ఆయన నా మొగుడు అంది. చీల కొట్టకముందే ఫోర్‌మన్ వచ్చి ఆయన్ని సైటుకు తీసుకుపోయాడంది. "గ్లాసు బోర్లిస్తే బాగుండానని. నిలబెట్టి పెడితే ఒంట్లో బాలేదని. మాట్లాడుకునేది అంతేనక్కా మాకు. ఇంకేముంది." తిట్టలేదు. తిట్టి ఉంటే నేను వాదించేదాన్ని. "మీరు చదువుకున్నోళ్ళు గదా, మీకు తెలిసిపొయ్యుంటాదని అనుకున్నాం" అంది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అప్పుడు నా కళ్ళ ముందు ఎనిమిది నెలలూ తిరిగాయి. ముక్కు, కాళ్ళు, పలకలు, తొట్టి, రెక్కలు. ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. చెయ్యని పని చేశాననలేదు, చెడగొట్టి బాగుచెయ్యలేదు. పుస్తకంలో ఉన్న మార్పులనే వరసగా, ప్రాణం పెట్టి, ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాడు. ఎవడో పైవాడి తిక్కకు ఆ విమానం మారిన ప్రతిసారీ ఇక్కడ ఈ ఇద్దరికి కొన్ని టీ గ్లాసులు దొరికాయి. దాన్ని నేను ఒక్క మాటతో ఊడ్చేశాను.

ఊరుకునే రకాన్ని కాదు. రెండు రోజులు పుస్తకం ముందేసుకున్నాను. మా ఆయన వంట చేశాడు. ఆఖరి అధ్యాయంలో దొరికింది. శనివారం బాబా ముందు కూర్చుని, "మీరు పుట్టుక నుంచి చావు దాకా అన్నారు. చావు చేయించలేదు" అన్నాను. పేజీ తీసి చూపించాను. యుద్ధం ఓడిపోయే రోజుల్లో ఆ పాత విమానాల ముక్కులు ఊడబీకి, మనుషులు కూర్చునే చోట మందుగుండు నింపిన మొద్దు తగిలించారు. వీపు మీద కర్రల సాయంతో ఒక చిన్న ఫైటరును నిలబెట్టారు. అందులో కూర్చున్నవాడు రెంటినీ తీసుకెళ్ళి, గురి చూసి, కిందిదాన్ని వదిలేసి వెళ్ళిపోతాడు. బాబా కళ్ళు పెద్దవయ్యాయి. ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు.

మేస్త్రీ వచ్చాడు, బట్టల మీద సిమెంటుతో. బాబా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను తెలుగులో గబగబా చెప్పాను. "ముక్కు కొయ్యాలి. కొత్త మొద్దు చెయ్యాలి. పైన ఇంకో విమానం, మొదటి నుంచీ చెయ్యాలి. తక్కువలో తక్కువ ఆరు నెలల పని మేస్త్రీ, ఆరు నెలలు!" అని కిటికీ వైపు చూశాను. నాకు తెలుసునని ఆయనకు తెలిసిపోయింది. మొదటిసారి ఆయన కూడా నా ముందు ఆ కిటికీ వైపు చూశాడు.

తర్వాత విమానం దగ్గరికి వెళ్ళి వంగి, అద్దాల్లోంచి లోపలికి చూశాడు.

"వీళ్ళు నలుగురూ?"

"ఉండరు. మందుగుండు ఉంటుంది వాళ్ళ చోట."

ఆయన సగం వేలితో ముక్కు మీద గళ్ళను ఒక్కొక్కటే నిమిరాడు. "చెయ్యను మేడం."

"నీకేమన్నా పిచ్చా?" నేను పళ్ళ మధ్య నుంచి అరిచాను. "నేను ఎవరి కోసం తెచ్చాననుకున్నావు ఈ పేజీ?"

"తెలుసు మేడం. మీ మేలు మర్చిపోను." తల ఎత్తలేదు. "ఇన్ని దినాలు ఏది మార్చమంటే అది మార్చినా. రెక్కలు, కాళ్ళు, అన్నీ. కానీ కూచోబెట్టినోళ్ళను లేపి బయట పారేయడం నా చేత్తో కాదు. అది ఇంటికి తిరిగొస్తాండాది. నలుగురూ కూచోనే ఉండాల."

ఆరు నెలల టీ గ్లాసుల్ని, ఆవిడ చేతిని, చెక్కతో చేసిన చూపుడువేలంత నలుగురి కోసం ఆయన వద్దన్నాడు. గొంతు కూడా పెంచకుండా వద్దన్నాడు. నేను నా జీవితమంతా గొంతు పెంచి గెలిచినవన్నీ ఆ నిమిషంలో చిల్లరగా కనిపించాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

"మనుషుల్ని పీకనంటున్నారు" అన్నాను. ఆ రోజు నుంచి నేను ఆయన్ని మీరు అనే అన్నాను.

బాబా వంగి ముక్కులోకి చూశాడు. బుర్రమీసాలవాణ్ణి, బట్టతలవాణ్ణి, మిగతా ఇద్దరినీ. నడుము పట్టుకుని లేచి, "అయితే ఖలాస్?" అన్నాడు.

"ఖలాస్, బాబా."

ముందు మాఫీ లేకుండా ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. చీలను చోటులో నిలబెట్టి, కొయ్యసుత్తి తీసి, ఇంటి యజమానిగా కొట్టమని బాబాకు అందించాడు. బాబా వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరలు పోయి ఉండేవి. సుత్తి పట్టుకుని చూసి, "నా చెయ్యి దీన్ని పాడుచేస్తుంది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా కొట్టొచ్చా, అడుగు" అన్నాడు.

అడిగాను. కొట్టొచ్చన్నాడు మేస్త్రీ.

అయిదయింది. కిటికీ గట్టు మీదికి చెయ్యి వచ్చి గ్లాసు పెట్టింది. బాబా ఆ వైపు తిరిగి, అరబ్బీలో, నువ్వు రా అన్నాడు.

ఆవిడ తలుపు దాటి గరాజులోకి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, బాబా చేతిలోంచి సుత్తి అందుకుంది. మేస్త్రీ ముక్కును రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం. నేను అన్నీ చెప్పెయ్యగలను, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఈ ఇద్దరినీ కలపనూ వచ్చు, ఇద్దరినీ ఇంటికి తోలనూ వచ్చు. అది నాది కాదని అర్థమై, పళ్ళు కరుచుకుని నిలబడ్డాను.

మెల్లిగా కొట్టింది. రెండోసారి ఇంకొంచెం గట్టిగా. మూడో దెబ్బకు చీల చెక్కతో సమంగా దిగిపోయింది. మేస్త్రీ దాని మీద సగం వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "చూస్తాం" అనలేదు. "బాగుండాది" అన్నాడు.

తర్వాత వెళ్ళి, గోడ వైపు తిరక్కుండా, అందరి ముందూ టీ తాగి, గ్లాసు బోర్లించి, బస్సుకు వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరి సంగతి బాబాకు తెలుసా తెలియదా అని నేనూ మా ఆయనా ఇప్పటికీ పోట్లాడుకుంటాం. నెలకొకసారి విమానం దుమ్ము తుడవడానికి నజ్జార్ రావాలని ఆయన ఫోర్‌మన్‌కి చెప్పాడు. ఇంట్లో ముగ్గురు పనమ్మాయిలు ఉండగా దుమ్ముకు క్యాంపు నుంచి మనిషెందుకు, తెలిసే పిలిచాడు అంటాడు మా ఆయన. తెలిస్తే నెలకొకసారేనా, వారానికొకసారి పిలిచేవాడు అంటాను నేను. ఏడాది తర్వాత ఇద్దరి కాంట్రాక్టులూ ముగిసి, వారం తేడాతో వేరువేరు విమానాల్లో ఇంటికి వెళ్ళారు. అప్పటి నుంచి ఆవిడ ఏడాదికొకసారి ఫోన్ చేస్తుంది. ఆయన ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు, పక్కన నిలబడి ఏదో చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించేది.

నిన్న ఆ చప్పుడు లేదు. నాకు ఏం మాట్లాడాలో తోచక, చదువుకున్నదాన్ని, అడగకూడనిదే అడిగాను.

"గ్లాసు... బోర్లించే ఉందా?"

"ఉండాదక్కా" అంది. "నేనింకా తీయలా."